చవక కారు ఎందుకు చవక?

బెంగళూరులో రెండు లక్షల లోపు సెకండ్‌హ్యాండ్ కారు దొరకదని ఎవరైనా అంటే నమ్మొద్దు. కావలసినన్ని దొరుకుతాయి. హోసూరు రోడ్డు పక్కన వరసగా నిలబెట్టిన బళ్ల అద్దాల మీద రాసిన ధరలు చూస్తే, పీజీలో ఉండే కుర్రాడికి కూడా "మనమూ ఒకటి తీసుకుంటే పోలా" అనిపిస్తుంది. అసలు చిక్కు దొరకడంలో లేదు. అంత తక్కువకి ఎందుకు ఇస్తున్నాడన్న దగ్గర ఉంది.

కారణం లేకుండా ఎవడూ తక్కువకి అమ్మడు. ఆ కారణాలు రెండు రకాలు. రూపాయల్లో లెక్క కట్టగలిగేవి ఒక రకం: టైర్లు అరిగాయి, క్లచ్ ప్లేట్ పోయింది, ఏసీ చల్లబడటం లేదు, బంపర్ సొట్టపడింది. వీటికి మెకానిక్‌ని అడిగితే ఓ అంకె చెప్తాడు, ఆ అంకెని ధరలోంచి కోసేసుకుంటాం, అయిపోయింది. రెండో రకానికి ఏ మెకానిక్కూ అంకె చెప్పలేడు. నీళ్లలో మునిగిన బండి, ఛాసిస్ (అడుగు చట్రం) దెబ్బతిన్న బండి, ఆర్‌సీ ఎవరి పేరు మీదో ఇరుక్కుపోయిన బండి. వీటిలో యాభై వేలు తగ్గించాడని సంబరపడటానికి ఏమీ లేదు, ఎందుకంటే ఎంత తగ్గిస్తే సరిపోతుందో అమ్మేవాడికీ తెలియదు. అందుకే నా లెక్క ఇది: రిపేర్లున్న కారు కొనొచ్చు, అంతు తెలియని కారు కొనకూడదు. కింద చెప్పేదంతా ఏది ఏ రకమో తేల్చుకోవడం ఎలా అన్న దాని గురించే.

నంబర్ ప్లేటులోనే సగం బేరం

బెంగళూరులో మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఎదురయ్యే సంగతి ఇది. ఒకే మోడల్, ఒకే సంవత్సరం, ఇంచుమించు అదే మీటర్ రీడింగ్, కానీ కేఏ (కర్ణాటక) నంబర్ బండి కంటే ఏపీ నంబర్ బండో తెలంగాణ బండో తక్కువకి వస్తుంది. ఆఫీసులో ఎవరో అనంతపురం నుంచి తెచ్చుకున్నాడు, ఇప్పుడు అమెరికా వెళ్తున్నాడు, మనవాడే, నమ్మకస్తుడే. ఇంకేం కావాలి?

తేడా ఎక్కడుందంటే లైఫ్ ట్యాక్స్‌లో, అంటే రిజిస్ట్రేషన్ అప్పుడు రాష్ట్రానికి ఒకేసారి కట్టే రోడ్డు పన్నులో. కర్ణాటకలో కొత్త కారుకి ధరను బట్టి 13 శాతం నుంచి 18 శాతం దాకా కట్టించుకుంటారు, దాని మీద సెస్ అదనం. కేఏ బండి ఓనరు ఆ డబ్బు ముందే కట్టేశాడు కాబట్టి సెకండ్‌హ్యాండ్ ధరలో అది కలిసే ఉంటుంది. ఏపీ బండికి ఇక్కడ కట్టలేదు, కట్టే వంతు మీది. పాత బండికి వయసును బట్టి శాతం తగ్గుతుంది, నిజమే, కానీ లెక్క మొదలయ్యేది మీరు కొన్న ధర దగ్గర కాదు, కారు కొత్తగా ఉన్నప్పటి ధర దగ్గర. రెండు లక్షలు పెట్టి కొన్న పెద్ద కారు ఒకప్పుడు పన్నెండు లక్షలదైతే ఆ పన్నెండు లక్షలే మీ వెంటపడతాయి.

"మా ఊళ్లో ఆధార్ అడ్రస్ ఉంది కదా, అక్కడే పేరు మార్చుకుని ఇక్కడ తిప్పుకుంటా" అనేవాళ్లు చాలామంది. కొంతకాలం నడుస్తుంది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబర్ తీసుకోవాల్సిందే. దానికి పాత ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, పెండింగ్ చలాన్లు తీర్చాలి, ఇక్కడ బండి చూపించాలి, ట్యాక్స్ కట్టాలి. పాత రాష్ట్రంలో మిగిలిన ట్యాక్స్ వాపసు అడగొచ్చు గానీ ఆ డబ్బు చేతికొచ్చేదాకా దాన్ని లెక్కలో వేసుకోకపోవడమే మంచిది. ఊరికి దగ్గరగా ఉంటారు, నెలలో ఎక్కువ రోజులు కారు హిందూపురంలోనే ఉంటుంది అంటే వేరే మాట. రోజూ వైట్‌ఫీల్డ్ ఆఫీసుకి వెళ్లే బండైతే ఆ ట్యాక్స్‌ని ధరలో కలిపి చూడండి, సగంసార్లు కేఏ బండే చవకగా తేలుతుంది.

ఢిల్లీ బళ్లదీ ఇదే కథ, ఇంకాస్త పెద్ద కథ. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బళ్ల మీద ఆంక్షలు పెట్టారు, 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్ని బలపరిచింది. దాంతో అక్కడి పెద్ద డీజిల్ బళ్లు ఎనిమిదో ఏటి నుంచే దక్షిణాదికి దిగడం మొదలుపెట్టాయి. చూడ్డానికి పెద్ద బండి, ధర చిన్న హ్యాచ్‌బ్యాక్‌ది. ఎన్‌ఓసీ చేతిలో ఉందా, దాని మీద మన ఆర్‌టీఓ పేరే ఉందా, ఇక్కడ ట్యాక్స్ ఎంత పడుతుంది అని ముందే తేల్చుకోకుండా ఆ బండికి టోకెన్ ఇవ్వొద్దు. బీహెచ్ సిరీస్ (రాష్ట్రం మారినా మార్చక్కర్లేని నంబర్) బండిలో కూడా ఇలాంటి మెలికే ఉంది. దానికి ట్యాక్స్ రెండేళ్లకోసారి కడతారు, మీకు ఆ సిరీస్‌కి అర్హత లేకపోతే మామూలు నంబర్‌కి మార్చుకుని ఇక్కడి ట్యాక్స్ కట్టుకోవాలి.

మొదటి ఏడాది ఖర్చు

ఓ ఉదాహరణ తీసుకుందాం. 2014 మోడల్ వ్యాగన్ఆర్, పెట్రోల్, కేఏ నంబర్, రెండు లక్షల ఇరవై వేలు చెప్తున్నాడు. టైర్లు నాలుగూ మార్చాలి, పద్నాలుగు వేలు వేసుకోండి. బ్యాటరీ నాలుగున్నర వేలు. క్లచ్ సెట్టు, లేబర్‌తో కలిపి తొమ్మిది పది వేలు. ఆయిలు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు మరో ఆరు వేలు. ఇవి ఉజ్జాయింపు అంకెలు, గ్యారేజీని బట్టి అటూ ఇటూ అవుతాయి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రం ఉజ్జాయింపు కాదు: 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకి 2,094 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీ మధ్య 3,416, ఆ పైన 7,897, వీటి మీద జీఎస్టీ. ఆర్‌సీ పేరు మార్పు, ఏజెంటు చేతి ఖర్చు కలుపుకుంటే ఆ బండి అసలు ధర రెండు లక్షల అరవై వేల దగ్గర తేలుతుంది. నా దృష్టిలో ఇది చెడ్డ బేరం కాదు, మీరు బేరమాడాల్సిన అంకె ఏమిటో ఇప్పుడు తెలిసింది, అంతే.

ఇంకో లెక్క కూడా ఉంది, జనం మర్చిపోయేది. ప్రైవేటు కారు ఆర్‌సీ పదిహేనేళ్లకి. 2014 బండికి 2029లో అది ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఆ ఫీజు ఒకప్పుడు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, ఇరవై ఏళ్లు దాటిన కారుకైతే 2025లో పది వేలు చేశారు. కాబట్టి 2011 బండి లక్షా ఇరవైకి, 2014 బండి రెండు లక్షలకి పక్కపక్కనే ఉంటే ధరలు కాదు, ఏడాదికి ఎంత పడుతోందో చూడండి.

మరో సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది, సెస్ కూడా పోయింది. కొత్త చిన్న కారు ధర అంత తగ్గినప్పుడు పాతదాని ధరా తగ్గాలి కదా? కానీ అమ్మేవాళ్లలో చాలామంది ఇంకా పాత లెక్కలోనే ఉంటారు. మూడు నాలుగేళ్ల చిన్న కారుకి నాలుగు లక్షలు అడుగుతున్నాడంటే, ముందు అదే కారు కొత్తది ఈరోజు ఆన్‌రోడ్ ఎంతో షోరూమ్‌లో అడిగి, ఆ కాగితం జేబులో పెట్టుకుని బేరానికి కూర్చోండి.

మునిగిన బండి, గుద్దిన బండి, మీటర్ తిప్పిన బండి

2022 సెప్టెంబర్ వానలకి అవుటర్ రింగ్ రోడ్డు, సర్జాపూర్ రోడ్డు, యమలూరు వైపు బేస్‌మెంట్లలో ఎన్ని కార్లు మునిగాయో ఇక్కడున్న అందరం చూశాం. చెన్నైలో 2015 డిసెంబర్, మళ్లీ 2023 డిసెంబర్ మిచాంగ్ తుఫాను. ఆ బళ్లన్నీ తుక్కుకి పోలేదు. కొన్నిటిని ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద రాసి వేలం వేశారు, ఇంకొన్నిటిని ఆరబెట్టి, సీట్లు కడిగించి, సెంటు కొట్టి అమ్మేశారు. మునిగిన బండి కొన్న రోజు బాగానే నడుస్తుంది. వైరింగ్ కనెక్టర్లలో పట్టిన తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది, ఇవాళ పవర్ విండో, రేపు స్టార్టింగ్, ఎల్లుండి ఏబీఎస్ (బ్రేకుల) హెచ్చరిక లైటు.

కేఆర్ పురం దగ్గర మదనపల్లె మెకానిక్ ఒకాయన ఉన్నాడు, బండి చూడమంటే ఆయన ముందు బానెట్ ఎత్తడు. డ్రైవర్ సీట్లో కూర్చుని "బెల్టు మొత్తం లాగండి అన్నా, చివరిదాకా" అంటాడు. మనం మామూలుగా పెట్టుకున్నప్పుడు బయటికి రాని ఆ చివరి జానెడు భాగం మీద సన్నగా బురద గీత ఉంటే అక్కడితో ఆయన పని అయిపోయినట్టే. సీటు కవర్లు మార్చినవాడు, కార్పెట్ మార్చినవాడు కూడా సీట్ బెల్టు రీలు లోపలికి పోయి కడగడు. ఆ తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట అడుగు చూస్తాడు, సీటు పట్టాల బోల్టులకి తుప్పుందా అని వేలితో గీకుతాడు, ఫ్యూజ్ బాక్సు మూత తీసి మూలల్లో ఒండ్రు ఉందేమో టార్చ్ కొట్టి చూస్తాడు. ఇంతా చేసి మాట ఒక్కటే: "కాఫీ తాగి పోదాం రండన్నా." ఆ బండి వద్దని దాని అర్థం, ఓనరు పక్కనే ఉన్నాడు కదా మరి.

గుద్దిన బండిలో చూడాల్సింది పెయింట్ మెరుపు కాదు. డోర్ గీతలు, స్టోన్ కొట్టిన మచ్చలు, బంపర్ మార్పు ఇవేవీ పెద్ద సంగతులు కావు, బెంగళూరులో గీత పడని కారు ఉంటే అదే అనుమానం. బానెట్ కీళ్ల బోల్టులు, ఫెండర్ బోల్టుల మీద పెయింట్ చెదిరి స్పానర్ పట్టిన గుర్తులున్నాయా, రేడియేటర్ పక్క భాగాల్లో వెల్డింగ్ కంపెనీ చుక్కల్లా కాకుండా చేతిపనిలా ఉందా, డోర్ రబ్బరు లాగి చూస్తే పిల్లర్ మీద టింకరింగ్ జరిగిందా. అద్దాల మూలన తయారీ గుర్తులుంటాయి, అన్నీ ఒకే కాలం నాటివై ఉండి ఒక్కటి మాత్రం వేరేదైతే అది ఎందుకు మారిందో అడగాలి. సముద్రం దగ్గర తిరిగిన చెన్నై, విశాఖ బళ్లయితే కింద పడుకుని అడుగుభాగం తుప్పు చూడకుండా ముందుకెళ్లొద్దు.

చాలామంది పట్టించుకోని చిన్న కిటుకు ఒకటుంది: పాత ఇన్సూరెన్స్ పాలసీ కాగితం అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ ఎంత ఉందో చూడండి. క్లెయిమ్ చేయకపోతే అది ఏడాదికేడాది 20, 25, 35, 45, 50 శాతం అని పెరుగుతుంది. ఎనిమిదేళ్లుగా ఒకే ఓనరు, "ఒక్క గీత కూడా పడలేదు సార్" అంటున్నాడు, బోనస్ మాత్రం సున్నా. అంటే ఈమధ్యే ఏదో క్లెయిమ్ అయింది, లేదా ఇన్సూరెన్స్ మధ్యలో ఆగిపోయింది. ఏదైనా సరే, అక్కడ ఓ కథ ఉంది.

ఇక మీటర్ తిప్పడం, అంటే తిరిగిన కిలోమీటర్ల అంకె తగ్గించి చూపడం గురించి. సర్వీస్ సెంటర్‌లో బండి నంబర్ చెప్పించి, ఓనరు చేతే పాత రికార్డు తెప్పించుకుంటే ఎప్పుడు ఎంత తిరిగిందో తెలుస్తుంది. 40 వేలే తిరిగిందంటున్న బండిలో పెడల్ రబ్బర్లు నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు మెరుస్తూ ఉంటే మీటర్ కంటే వాటినే నమ్మండి. కానీ నన్నడిగితే బెంగళూరు బండికి తక్కువ కిలోమీటర్లన్నది అసలే పెద్ద గొప్ప కాదు. ట్రాఫిక్ ఇరుక్కుపోయే సిల్క్ బోర్డ్ జంక్షన్ మీదుగా గంటకి 15 కిలోమీటర్ల చొప్పున 40 వేలు తిరిగిన ఇంజిన్ 2,600 గంటలకు పైగా నడిచినట్టు. అన్నే గంటలు హైవే మీద గంటకి 60 చొప్పున నడిచిన బండి మీటర్ లక్షా అరవై వేలు చూపిస్తుంది. మొదటి బండిలో క్లచ్, గేర్లు, బ్రేకులు పడ్డ హింస రెండోదానిలో సగం కూడా ఉండదు. "డాక్టర్ గారి బండి సార్, ఆస్పత్రికీ ఇంటికీ తప్ప ఎక్కడికీ పోలేదు" అని బ్రోకర్ చెప్పేది నిజమే అనుకున్నా, ఆ ఆస్పత్రికీ ఇంటికీ మధ్య ఎన్ని సిగ్నళ్లున్నాయో ఎవరు చెప్పాలి?

ఇంజిన్ దగ్గర

చూడ్డానికి వస్తున్నామని చెప్పి, స్టార్ట్ చేయకుండా ఉంచమనండి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే స్టార్టింగ్ కష్టాన్ని దాచిపెట్టారేమో అనుకోవాలి. తాళం తిప్పగానే, ఇంజిన్ మొదలవకముందు, డ్యాష్‌బోర్డ్ మీద హెచ్చరిక లైట్లన్నీ ఒకసారి వెలగాలి, ఇంజిన్ మొదలయ్యాక ఆరాలి. ఎయిర్‌బ్యాగ్ లైటో, చెక్ ఇంజిన్ లైటో అసలు వెలగకపోతే అది బాగున్నట్టు కాదు, ఎవరో పీకేసినట్టు. సైలెన్సర్ నుంచి నీలం పొగంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి నురగ కనిపిస్తే హెడ్ గాస్కెట్ అనుమానం. ఏసీ వేసి ట్రాఫిక్‌లో అరగంట నడపండి, ఖాళీ లేఅవుట్ రోడ్డులో రెండు రౌండ్లు కొడితే టెంపరేచర్ ముల్లు ఎప్పుడు పైకి లేస్తుందో తెలియదు.

డీజిల్ కావాలా పెట్రోల్ కావాలా అన్నదానికి నాది సూటి మాట: రెండు లక్షల బడ్జెట్‌లో, నెలకి ఐదారు వందల కిలోమీటర్లు తిరిగేవాడికి డీజిల్ దండగ. ఇంజెక్టరో టర్బోనో పోయిన రోజు మిగిల్చిన ఇంధనం డబ్బంతా ఒకే బిల్లులో పోతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 డీజిల్ అయితే పొగ ఫిల్టర్ ఉంటుంది, సిటీలో చిన్న చిన్న ట్రిప్పులకి అది పూడుకుపోతుంది. పాత పెట్రోల్ బండిలో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ పోస్తున్నాం కాబట్టి ఇంధనం గొట్టాల రబ్బర్లు ఓసారి చూపించుకోండి.

కంపెనీ ఉందా లేదా అన్నది కూడా చవకకి ఓ కారణమే. షెవర్లే 2017 చివరికి ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నామంది, డాట్సన్ 2022లో వెళ్లిపోయింది. ఫోర్డ్ ఫిగో నడుపుతుంటే అదే ధరకి దొరికే బళ్లకంటే గట్టిగా అనిపిస్తుంది, అది నేనూ ఒప్పుకుంటాను. ఫియట్ పుంటో డీజిల్ ఇంజిన్ స్విఫ్ట్‌లో ఉన్న 1.3 ఇంజినే కాబట్టి ఇంజిన్ సామాన్లకి ఢోకా లేదు, హెడ్‌లైటో డోర్ అద్దమో పగిలితేనే జేసీ రోడ్డులో షాపు షాపూ తిరిగి, చివరికి శివాజీనగర్ గుజరీలో తేలాలి. తిరిగే ఓపిక ఉంటే, ఇంట్లో ఇంకో బండి ఉంటే తీసుకోండి. ఉన్న ఒక్క కారూ ఇదే అయితే ఆల్టోనో వ్యాగన్ఆరో చాలు.

భద్రత సంగతి ఎవరూ ఎత్తరు కాబట్టి నేను ఎత్తుతాను. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ మన దేశంలో తప్పనిసరి అయింది 2019 జూలైలో. అంతకుముందు బేస్ మోడల్స్‌లో చాలావాటికి అది లేదు. 2014లో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్‌బ్యాగ్ లేని ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో బళ్లని గోడకి కొట్టి చూస్తే పెద్దల రక్షణలో ఐదింటికీ సున్నా స్టార్లు వచ్చాయి. పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరుపతి వెళ్లడానికే కారు అనుకుంటే, ఏసీ బాగోకపోయినా ఎయిర్‌బ్యాగ్ ఉన్న టాప్ మోడల్‌కి ఓటు వేయండి, ఏసీ తర్వాత బాగుచేయించుకోవచ్చు.

కాగితాలు

పరివాహన్ సైటులో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ నంబర్ కొడితే ఎన్నో ఓనరు, లోన్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అన్నీ కనిపిస్తాయి. లోన్ కనిపిస్తుంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి లోన్ తీయించే ఫారం 35 ఉండాలి. "కట్టేశాం సార్, తీయించలేదంతే" అంటే ముందు తీయించమనండి. చలాన్లు కూడా చూడండి, బెంగళూరు కెమెరాలకి చిక్కిన బండికి జరిమానాలే ఐదంకెల్లో ఉండొచ్చు. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబర్‌ని బండి మీద కొట్టిన నంబర్‌తో మీ కళ్లతో పోల్చండి, ఫోటో చాలదు.

బ్రోకర్ల దగ్గర అసలు ప్రమాదం ఎక్కడంటే, పాత ఓనరు పేరు మార్పుకి వాడే ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేస్తాడు, బండి ముగ్గురి చేతులు మారినా ఆర్‌సీ మొదటివాడి పేరునే ఉంటుంది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: బండి ఎవరి చేతిలో ఉన్నా, రికార్డులో పేరున్నవాడే ప్రమాదం పరిహారానికి బాధ్యుడు. అందుకే ఆ మొదటి ఓనరుతో ఒక్కసారైనా ఫోన్‌లో మాట్లాడకుండా కొనొద్దు. 2023 ఏప్రిల్ నుంచి డీలర్లు అధికారికంగా నమోదై, బండి తమ దగ్గరుందని ఆర్‌టీఓకి తెలిపే పద్ధతి వచ్చింది. మీ డీలర్‌కి ఆ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగితే సమాధానం కంటే మొహం ఎక్కువ చెప్తుంది.

ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలుంది అని ఊరిస్తారు. అందులో థర్డ్ పార్టీ భాగం బండితో పాటే వస్తుంది. మీ కారు డ్యామేజీకి క్లెయిమ్ రావాలంటే మాత్రం 14 రోజుల్లో పాలసీని మీ పేరు మీదకి మార్చమని కంపెనీకి రాయాలి. పాత ఓనరు బోనస్ ఆయనతోనే పోతుంది, ఆ తేడా మీరు కట్టాలి. పేరు మార్పు దరఖాస్తు ఆర్‌టీఓలో వేసి, రసీదు చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇస్తానని ముందే మాట్లాడుకోండి. కుదరదంటే పదో వంతు డబ్బైనా ఆపండి. రెండో తాళం అప్పుడే తీసుకోండి. ఫాస్టాగ్‌ని ఆయన చేత మూయించండి కూడా, ఒక బండికి ఒకటే ట్యాగ్ కాబట్టి పాతది మూస్తే గానీ మీ కొత్తది పనిచేయదు.